కంట్లో కుంకుమ

మా అమ్మ నాకు బొట్టు పెట్టాలంటే ఇల్లంతా తిరగాల్సి వచ్చేది. ఒక చేతిలో కుంకుమ భరిణె, ఇంకో చేతిలో నా గడ్డం. గడ్డం పట్టుకున్న మరుక్షణం నేను మొహం తిప్పేసేదాన్ని. సగం కుంకుమ నుదుటి మీద, సగం కంట్లో. ఏడ్చుకుంటా మరమగ్గాల షెడ్డులోకి పరిగెత్తితే ఆ టకటకల్లో నా ఏడుపు నాకే వినపడేది కాదు. నాయన టవలు కొసతో కన్ను తుడిచి, "దీనికి అరికాళ్లల్లో చక్రాలుండాయి, కుదురుగా నిలబడే జాతకం కాదిది" అనేవాడు. అమ్మ నన్నే తిట్టేది. "కదలకుండా ఉండి చావవే! నుదుట ఉండాల్సింది కంట్లో పడితే మండదా మరి?"

ఇంత కుదురులేని మనిషికి దేవుడిచ్చిన పని చూడండి. వెలుతురును కుదురుగా నిలబెట్టడం!

రేణిగుంట దగ్గర రేకుల షెడ్డులో మాదొక చిన్న కంపెనీ. మాది అంటే నాది కాదు, నేను ఆడ పనిచేసే ఇంజనీరును. వెంట్రుకంత సన్నటి గాజు పోగులో వెలుతురు పోతాది. మీరు ఫోన్లో మాట్లాడే మాట, చూసే బొమ్మ, అన్నీ ఆ వెలుతురు మీదెక్కి పోతాయి. శానా దూరం పోయేసరికి అది నీరసపడతాది. దారి మధ్యలో దానికి మళ్లీ బలమిచ్చే కార్డు మేము చేస్తాం. కాలేజీలో దాన్ని ఫైబర్ అనే నేర్చుకున్నాను గానీ, మా షెడ్డులో అందరికీ అది పోగే. పనిచేసే ఆడోళ్లలో సగం మంది నగిరి, పుత్తూరు నేతోళ్ల బిడ్డలు, వాళ్ల నోట ఇంకేం మాట వస్తాది?

వాళ్లందరిలో పెద్దది మా అక్క. తోడబుట్టిన అక్క కాదు, నగిరిలో మా వీధి మనిషి. వాళ్ల మగ్గాలు పాత ఇనుము కింద పోయినాక మా షెడ్డుకు వచ్చింది. పోగు కొసను తెల్లటి పింగాణీ గొట్టంలో అతికించి, గాజు పలక మీద పరిచిన నున్నటి కాగితం పైన ఎనిమిది అంకె మాదిరి తిప్పుతా తిప్పుతా రుద్దాల. మొన అద్దం మాదిరి అయ్యేదాకా రుద్దాల. దాన్నే మేము రుద్దే బల్ల అంటాం. ఆమె ఆ బల్ల కాడ కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవదు. పక్కనుంటే నాకు ఒళ్లు మండేది. "ఏందక్కా, రాతిబొమ్మ మాదిరి!" అంటే నవ్వేది. ఒకసారి మాత్రం అనింది, "మగ్గం పోయినాక చేతులు ఊరకుంటే పిచ్చెక్కినట్టు ఉండె పాపా. ఈ బల్ల దొరికినాక మనిషినైనా." ఆ మాట నాకు గుచ్చుకోని ఉండిపోయింది.

ఇంగ అసలు కథ.

సత్యవేడు పక్క పెద్ద ఫ్యాక్టరీల ఎస్టేటులో ఒక హాలు. ఆడ అన్ని కంపెనీల సామాన్లనూ ఒక్క బీరువాలో చేర్చి, ఒకే యంత్రంగా నడిపించి చూసేది ఆ హాలోళ్ల పని. వెలుతురు పుట్టించే పెట్టె చెన్నైవాళ్లది. దానికి బలమిచ్చే కార్డు మాది. ఆ చివర పట్టుకునే పెట్టె బెంగుళూరుది. అన్నిటినీ చూసుకునే కంప్యూటరు హాలోళ్లదే. ఎవరి సామాను వాళ్ల ఇంట్లో బంగారమే. మా కార్డు మా బల్ల మీద ఎన్ని వారాలు నడిపినా ఒక్క మాట పడలేదు. తీరా అన్నీ కలిపినాక మొదలైంది యవ్వారం. వెలుతురు వస్తాది, కాసేపు బాగుంటాది, అంతలో మా కార్డు ఆరిపోతాది. తుడిచి మళ్లీ పెడితే మళ్లీ కాసేపు, మళ్లీ ఆరిపోవడం.

మా కార్డు ఆరిపోయేది రోగంతో కాదు, బుద్ధితో. వెలుతురు ముందుకు పోకుండా ఎదురు తిరిగి వెనక్కి తన్నితే, యాడో పోగు తెగిందనో మూతి తెరుచుకుందనో అర్థం. ఆ వెలుతురు కంటికి కనపడదు గానీ, కంట్లో పడితే కన్ను పోతాది. అందుకని మా కార్డు తనంతట తానే ఆరిపోయేటట్టు మేమే చేసినాం. ఈ సంగతి ఎంత చెప్పినా హాలులో ఎవురూ చెవిన పెట్టలా. ఆరిపోయేది మీ కార్డే గదా, కాబట్టి చెడింది మీదే అంటారు. వీధిలో దొంగ వచ్చినాడని అరిచినోణ్ణే పట్టుకోని తన్నినట్టు!

ఒక మధ్యాన్నం నేను షెడ్డులో అక్క పక్కన ఉండంగా మా ఓనరు ఫోన్ చేసినాడు. ఆయన చెడ్డోడు కాదు, భయస్తుడు. "చెన్నై కంపెనీ ఆయన చెప్తా ఉండాడమ్మా, చేత్తో రుద్దిన మొనల్లో జిగురు ఊడి పొడి రాలతా ఉండాదంట. అందుకే తుడిస్తే బాగవుతాది, మళ్లీ చెడతాదంట. రిపోర్టులో మొనల కాడ మురికి అని వచ్చిందనుకో, ఆ రుద్దే బల్ల ఎత్తేస్తా. మిషన్లో చేసిన మొనలు బయట కొనుక్కుంటాం. నువ్వు పో, ఆమెను కూడా తీసుకోని పో. అవసరమైతే ఆడే మళ్లీ రుద్దించు. అదే ఆఖరు."

ఆఖరు అనే మాట అక్కకు ఎట్ల చెప్పేది? చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే కారులో బయలుదేరి పుత్తూరు బస్టాండు కాడ ఆమెను ఎక్కించుకున్నాను. ఒక పెద్ద సంచి మోసుకోని వచ్చింది, దాని బరువుకు ఒక పక్కకు ఒంగిపోయి. నాకు చిర్రెత్తింది. "ఏందక్కా, సాయంత్రానికి వచ్చేదానికి ఇంత సంచీనా? కాపురానికి పోతా ఉండామా?" అన్నాను. "ఉండనీలే పాపా" అని ఒళ్లో పెట్టుకుంది. కారు నారాయణవనం, నాగలాపురం దాటింది. నేను కిటికీ దించేది, ఎత్తేది, ఫోన్ తీసేది, పెట్టేది. డ్రైవరు కూడా విసుక్కున్నాడు.

హాలుకు పెద్ద ఒకాయన ఉండాడు. నుదుట నిలువు నామం, ఇస్త్రీ చొక్కా, గట్టిగా మాట్లాడని మనిషి. ఆ యంత్రం నడిచిందని సంతకం పెట్టాల్సింది ఆయనే. చెన్నై ఆయన అప్పుడే ఆయన పక్కన చేరి, మా అక్క వైపు చూస్తా, "హ్యాండ్ వర్క్ సార్, అదే ప్రాబ్లం" అంటా ఉండాడు. ఆమె వినింది. నేను విననట్టు నటించినాను.

ముందు మా పోగుల మొనలన్నీ పీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి తెరమీద చూపించినాను. అక్కడక్కడ నల్లటి చుక్కలు, ఆ తెరమీద ఏ మురికైనా నల్లగానే కనపడతాది. తుడిస్తే అద్దం. జిగురు ఊడిన జాడ యాడా లేదు. "సూడండి సార్, మొన పగల్లేదు, ఊడలేదు" అన్నాను. "మరి ఆ చుక్కలు యాణ్ణించి వస్తా ఉండాయమ్మా?" అన్నాడు చెన్నై ఆయన. మళ్లీ పెట్టినాం. పచ్చ లైటు వెలిగింది. ఆరిపోయింది. పీకి చూస్తే మళ్లీ చుక్కలు.

నిజంగా మాదేనా తప్పు? ఒకరినొకరు చూసుకుంటా అందరూ పెద్దమనుషుల మాదిరి నిలబడి ఉండారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మాయం! అక్క సంచీని కాళ్ల మధ్య పెట్టుకోని స్టూలు మీద కూర్చోని ఉండాది, అదే రాతిబొమ్మ. ఆమెను చూడలేక లేచి పచార్లు మొదలుపెట్టినాను. కాలుగాలిన పిల్లి మాదిరి ఆ గోడ కాణ్ణించి ఈ గోడ దాకా. పెద్దాయన "కూర్చోమ్మా కొంచెం" అన్నాడు. కూర్చోలా. కూర్చునే రకమైతే కంట్లో అన్నిసార్లు కుంకుమ ఎందుకు పడేది నాకు?

హాలు మూలలో చిన్న బల్ల మీద దేవుడి పటం, వాడిపోయిన చామంతి దండ. ఆయుధపూజ అయి కొన్ని రోజులే. తట్టలో మెత్తబడిన బొరుగులు, పుట్నాలపప్పు. పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా. ఊరక దాని మూత తీసి చూసినాను. చేతులు ఊరకుండవు గదా నాకు.

డబ్బా నిండా చిన్న చిన్న రబ్బరు మూతలు. పోగులు దూర్చే రంధ్రాలకు దుమ్ము పోకుండా పెట్టే మూతలు అవి. మావీ ఉండాయి, చెన్నైవాళ్లవీ, బెంగుళూరువాళ్లవీ. ప్రతి మూత నెత్తిన గంధం, దాని మీద ఎర్రగా కుంకుమ బొట్టు!

ఓరి నాయనో.

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. వేళ్లన్నీ ఎర్రగా అయినాయి. తిప్పి చూస్తే లోపలి పక్కా ఎరుపే. కళ్లకు కట్టినట్టు కనపడింది నాకు జరిగింది. పూజ రోజు యంత్రం బీరువా తలుపు తెరిచి, ఇంత పెద్ద యంత్రానికి ఒక్క బొట్టు సరిపోదని, కనపడిన ప్రతి మూతకూ భక్తిగా బొట్టు పెట్టినారు. మర్నాడు పోగులు పెట్టేదానికి వచ్చినోళ్లు అదే చేత్తో మూతలు పీకినారు, పెట్టినారు, మళ్లీ పీకినారు. పొడి రంధ్రంలో రాలింది, దానికి తగిలి వెలుతురు వెనక్కి తన్నింది. మేమేమో బయటికి లాగిన మొన తుడుస్తా ఉండాం. రంధ్రం లోపల ఎవురు తుడిచినారు? తుడిచిన మొన మళ్లీ ఆ కుంకుమలోకే పోతా ఉండాది.

ఇట్లాంటి తప్పు మనోళ్లు తప్ప లోకంలో ఇంకెవురు చేస్తారబ్బా? నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అక్కా, మన పనిముట్ల పెట్టెలోంచి ఆ పొడుగు పుల్లలు తీ" అని అరిచినాను. రంధ్రం లోపల తుడిచే సన్నటి పుల్లలు అవి, కొసన మెత్తటి గుడ్డ ఉంటాది. అక్క ఒకటి తీసి మా కార్డు రంధ్రంలో పెట్టి, మెల్లిగా తిప్పి, బయటికి లాగింది. తెల్లటి కొస గులాబీ రంగులో వచ్చింది. అందరూ ముందుకు ఒంగినారు. చెన్నై ఆయన పెట్టెలో ఇంకోటి పెట్టింది. అది ఇంకా ఎరుపు. ఆయన చెయ్యి ఊరకనే జేబులోకి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "మేమేం చెయ్యలేదు సార్, పూజ హాలోళ్లు చేసినారు" అన్నాడు. ఇంతవరకూ నోరు లేచిన మనిషి!

అక్క మాదీ పరాయిదీ అనకుండా అన్ని రంధ్రాలూ తుడిచింది. ఆ చేతులు ఒక్కసారి తొట్రుపడలా. నేను మొనలు తుడిచి అందించినాను. అన్నీ పెట్టినాం. పచ్చ లైటు వెలిగింది. వెలిగిందంటే వెలిగింది, ఇంగ ఆరలా. మేము భోజనానికి పోయి వచ్చినా, చెన్నై ఆయన బీరువా తలుపు ధనాధన వేసి తీసినా, ఆరలా.

ఆడికి అయిపోయిందనుకున్నాను. కాలేదు.

పెద్దాయన కంప్యూటరు ముందు కూర్చోని రిపోర్టు కొడతా ఉండాడు. నేను వెనకే నిలబడి చదువుతా ఉండా. మొనల వద్ద దుమ్ము, శుభ్రం చేసిన తరువాత సరిగా పనిచేసినది.

మా ఓనరుకు ఆ మొదటి మూడు మాటలు చాలు, మిగతాది చదవడు. "సార్, దుమ్ము అని రాయొద్దు. కుంకుమ అని రాయండి" అన్నాను.

ఆయన తిరిగి చూసినాడు. "అమ్మా, తిరుచానూరు నుంచి నేను స్వయంగా తెచ్చిన కుంకుమ అది. అమ్మవారి కుంకుమ వల్ల యంత్రం పాడైందని నా చేత్తో రాయమంటావా? పని అయిపోయింది కదా. దుమ్ము అంటే నీకేం పోయింది?"

"నాకు కాదు సార్ పోయేది" అన్నాను. అక్క వింటా ఉండాదని తెలుసు. ఇంగ దాచేది లేదు. "దుమ్మని రాస్తే ఎవరి దుమ్ము అని ఎవురూ అడగరు. మా మొనల దుమ్మే అంటారు. మా రుద్దే బల్ల ఎత్తేస్తారు."

"అది మీ కంపెనీ విషయం" అన్నాడాయన మెల్లిగా. "అమ్మవారి ప్రసాదాన్ని చెడ్డ మాట కింద నేను రాయలేను."

అంతే, నాకు పట్టింది కోపం. చిన్నప్పటినుంచీ నాది నోరు కాదు, మరమగ్గం. "మీరు రాసిందే చెడ్డ మాట సార్! నేను కుంకుమను కుంకుమ అనమంటా ఉండాను. దుమ్ము అంటా ఉండేది మీరు! అమ్మవారి పాదాల కాణ్ణించి తెచ్చినదాన్ని దుమ్ము అని రాసి సంతకం పెడతారా?"

నా గొంతు ఆడితో ఆగలా.

"కుంకుమది తప్పని ఎవురన్నారు సార్? చిన్నప్పుడు మా అమ్మ బొట్టు పెట్టేటప్పుడు నేను కదిలితే కంట్లో పడేది. మా అమ్మ ఒక్కరోజూ కుంకుమను తిట్టలా. నుదుట ఉండాల్సింది కంట్లో పడితే మండదా అనేది. ఇయి యంత్రానికి కళ్లు సార్, ఈ రంధ్రాలు. తలుపు నుదురు. నుదుట పెట్టాల్సిన బొట్టు కంట్లో పెట్టినారు. అంతే రాయండి."

ఆయన నామం కింద కనుబొమ్మలు దగ్గరికి వచ్చినాయి. పోయింది, సంతకం కూడా పెట్టడు అనుకున్నాను. తరువాత కంప్యూటరు వైపు తిరిగి, దుమ్ము అనే మాట చెరిపేసినాడు. పూజ సమయంలో మూతలపై ఉంచిన కుంకుమ రంధ్రములలోనికి రాలినది, మొనలయందు లోపము లేదు. అట్ల కొట్టి, రెండుసార్లు చదువుకోని, సంతకం పెట్టినాడు. లేచి పోతా పోతా దేవుడి పటం కాడ ఆగి లెంపలేసుకున్నాడు. పెద్ద మనిషి అని అప్పుడు అనిపించింది నాకు ఆయన.

తిరుగు దారిలో నాగలాపురం దాటి టీ కొట్టు కాడ కారు ఆపించినాను. ఓనరు ఫోన్ చేసినాడు. రిపోర్టు చూసినాడంట. కాసేపు నవ్వి, "సరే, బల్ల సంగతి ఇంగ ఎత్తను లే. ఆమెకు చెప్పు" అన్నాడు. నేను గంతులేస్తా అక్క కాడికి పోయినాను.

"అక్కా, బల్ల యాడికీ పోదంట!"

ఆమె తల ఊపి, టీకి గ్లాసు కోసమని సంచి తెరిచింది. స్టీలు గ్లాసు తీసింది. అది మా షెడ్డులో ఆమె బల్ల మీద ఉండే గ్లాసు. సంచిలోకి తొంగి చూసినాను. ఆమె కుర్చీలో వేసుకునే దిండు, ఏసీకి కప్పుకునే శాలువ, బల్ల ముందు గోడకు అంటించుకున్న అమ్మవారి పటం, షెడ్డులో తొడుక్కునే చెప్పులు.

"ఇదేందక్కా? నీ సామానంతా?"

"నిన్న సాయంత్రమే సర్దేసినా పాపా. రేపు ఎవురో మూటగట్టి గేటు కాడ పెట్టేదానికంటే, నేనే తెచ్చుకుంటే మర్యాద గదా."

"నీకెవురు చెప్పినారు?"

"నువ్వే. నిన్న మధ్యాన్నం ఫోన్ పెట్టేసినకాణ్ణించి నా మొహం చూడలేదు నువ్వు."

అంటే పొద్దున్నుంచీ ఆమెకు తెలుసు. బల్ల పోతాదని తెలిసే, సంచి కాళ్ల మధ్య పెట్టుకోని, పరాయోళ్ల పెట్టెల రంధ్రాలు కూడా చెయ్యి ఒణక్కుండా తుడిచింది. నేనేమో సంచి ఎందుకని ఎగతాళి చేసినాను. ఏడుపు ఆగలా నాకు. చేత్తో కళ్లు గట్టిగా రుద్దుకున్నాను. గోళ్ల సందుల్లో ఇంకా కుంకుమ ఉండాదని మర్చిపోయినాను.

"అబ్బబ్బా, మంట!" అని గంతేసినాను.

"కదలబాక పాపా, కూర్చో" అని అక్క నా గడ్డం పట్టుకుంది. కొంగు కొస నీళ్లలో తడిపింది. ఆమె తుడవడం అయిపోయేదాకా నేను కదలకుండా కూర్చున్నాను.